నిఘా కెమెరాకు అత్యల్ప వోల్టేజి విద్యుత్తు: సురక్షిత వైరింగ్

నిఘా కెమెరా నడవడానికి కావలసిన విద్యుత్తు చాలా కొద్ది. ఇళ్లలో, దుకాణాల్లో, వీధుల్లో మనం చూసే సీసీ కెమెరాల్లో అధిక భాగం 12 వోల్టుల డీసీ విద్యుత్తుతో, పది వాట్ల లోపు వాడకంతో పనిచేస్తాయి. ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏసీ సరఫరాను ఆ 12 వోల్టులుగా మార్చి, తగిన మందం ఉన్న వైరు ద్వారా, తగిన ఫ్యూజు రక్షణతో కెమెరా దాకా చేర్చడమే ఈ వ్యాసంలోని విషయం. 12 వోల్టులు ముట్టుకున్నా ఏమీ కాదన్న మాట పొడి చేతికి చాలావరకు నిజమే. అయితే ఆ వోల్టేజి పుట్టే పెట్టెలో 230 వోల్టులు ఉంటాయి. అది ప్రయాణించే సన్నని వైరు వేడెక్కి నిప్పు పుట్టించగలదు. ఆ వైరు వెళ్లే గోడ మీద వాన పడుతుంది, స్తంభం దగ్గర పిడుగు పడుతుంది. ఈ అమరికలో జాగ్రత్త పడవలసిన చోట్లు ఇవే.

పేరులోని తికమక

తెలుగు ఇళ్లలో ‘లో వోల్టేజి’ అంటే ఫ్యాను నెమ్మదించడం, ట్యూబులైటు వెలగక కొట్టుకోవడం. సరఫరా ఉండవలసిన దానికన్నా తగ్గడాన్ని జనం అలా అంటారు. చట్టం భాషలో అర్థం వేరు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు 250 వోల్టులకు మించని సరఫరాను అల్ప వోల్టేజి అన్నాయి. ఆ లెక్కన మనిషి ప్రాణం తీయగల ఇంటి కరెంటు కూడా అల్ప వోల్టేజే. కెమెరాకు ఇచ్చే 12, 24, 48 వోల్టులు దానికన్నా కింది తరగతికి చెందినవి. అంతర్జాతీయ ప్రమాణాల్లో 50 వోల్టుల ఏసీ, 120 వోల్టుల డీసీ ఈ తరగతికి పై హద్దు. దీన్ని అత్యల్ప వోల్టేజి అనడం సబబు.

వోల్టేజి తక్కువైనంత మాత్రాన సరిపోదు. ఆ 12 వోల్టుల వైపు తీగలకూ 230 వోల్టుల వైపు తీగలకూ మధ్య ట్రాన్స్‌ఫార్మరు గట్టి ఇన్సులేషన్‌తో అడ్డుగోడలా ఉండాలి. అలా వేరుపరిచిన సరఫరాకే సురక్షితమన్న పేరు చెల్లుతుంది. అమెరికాలో దీనికి తోడు శక్తికి కూడా హద్దు పెట్టారు. అక్కడి జాతీయ విద్యుత్ కోడ్‌లోని క్లాస్ 2 సరఫరా సాధారణంగా 100 వోల్ట్ ఆంపియర్లకు మించకూడదు. మంట అంటుకునేంత శక్తి ఒక్క తీగలోకి వెళ్లకూడదన్నదే ఆ నియమం ఉద్దేశం.

వోల్టేజి ఎలా దిగివచ్చింది

మూసిన వలయంలో దృశ్యాన్ని పంపే టెలివిజన్‌ను 1942లో జర్మనీలోని పీనెముండెలో రాకెట్ ప్రయోగాలను దూరం నుంచి చూడడానికి వాడారు. వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజినీరు పేరు దానితో ముడిపడి ఉంది. న్యూయార్క్‌కు చెందిన నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ తన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఇంటి తలుపు దగ్గర కెమెరా అమర్చే భద్రతా వ్యవస్థను రూపొందించి 1966లో దరఖాస్తు చేసింది; 1969లో పేటెంటు వచ్చింది. ఆ కాలపు కెమెరాల్లో వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. వాటిని నడపడానికి లోపల వందల వోల్టులు కావాలి.

1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీ, ఆ తరువాత సీమాస్ సెన్సర్లు ఆ అవసరాన్ని తీసేశాయి. సెన్సరు కొద్ది వోల్టులతోనే పనిచేయడంతో కెమెరా మొత్తం 12 వోల్టులకు దిగింది. 1996లో నెట్‌వర్క్ కెమెరా మార్కెట్లోకి వచ్చింది. 2003లో నెట్‌వర్క్ కేబుల్లోనే విద్యుత్తు కూడా పంపే పద్ధతి, అంటే పీఓఈ, ఐఈఈఈ 802.3ఏఎఫ్ పేరుతో ప్రమాణమైంది.

మూడు రకాల సరఫరా

పన్నెండు వోల్టుల డీసీ: తెలుగు రాష్ట్రాల్లో అత్యధికంగా కనిపించేది ఇదే. ఒకటి రెండు కెమెరాలకు గోడ సాకెట్లో పెట్టే అడాప్టరు సరిపోతుంది. నాలుగు, ఎనిమిది, పదహారు కెమెరాలకు ఇనుప పెట్టెలో వచ్చే ఎస్‌ఎంపీఎస్, అంటే ఏసీని డీసీగా మార్చే సరఫరా పెట్టె, వాడతారు. కెమెరా దగ్గర 5.5 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 2.1 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గుండ్రని డీసీ పిన్ను ఉంటుంది. సాధారణంగా దాని నడిమి భాగం పాజిటివ్. అనలాగ్ కెమెరాలకు ‘త్రీ ప్లస్ వన్’ కేబులు వాడుకలో ఉంది: దృశ్యానికి ఒక కోయాక్సియల్ తీగ, కరెంటుకూ శబ్దానికీ మూడు సన్నని తీగలు.

ఇరవై నాలుగు వోల్టుల ఏసీ: పెద్ద ప్రాంగణాల్లో, చుట్టూ తిరిగే కెమెరాలకు వాడతారు. దూరం ఎక్కువైనప్పుడు మేలు. 12 వోల్టుల డీసీ మాత్రమే తీసుకునే కెమెరాకు దీన్ని తగిలిస్తే కెమెరా కాలిపోతుంది. రెండు వోల్టేజీలనూ తీసుకునే కెమెరాలూ ఉన్నాయి. ఆ సంగతి వెనుక చీటీ మీద చూసి తెలుసుకోవాలి.

పీఓఈ: స్విచ్చు నుంచి సుమారు 48 వోల్టుల డీసీ నెట్‌వర్క్ కేబుల్లోనే వస్తుంది. ప్రమాణం ప్రకారం తయారైన స్విచ్చు నేరుగా కరెంటు వదలదు. మొదట సుమారు 10 వోల్టులకు మించని చిన్న వోల్టేజి పంపి, అవతల సుమారు 25 కిలో ఓమ్‌ల నిరోధం ఉందా అని చూస్తుంది. ఉంటేనే పూర్తి వోల్టేజి ఇస్తుంది. తీగ ఊడిపోతే సరఫరా ఆపేస్తుంది. భద్రత పరికరంలోనే అమరి ఉండడం వల్ల కొత్తగా పెట్టేవారికి ఇది అన్నిటికన్నా మేలైన దారి. అయితే ‘పాసివ్ పీఓఈ’ పేరుతో దొరికే చౌక పరికరాలు ఈ పరీక్ష లేకుండానే కరెంటు వదులుతాయి. వాటికి వేరే పరికరం తగిలిస్తే పాడవుతుంది.

దూరంతో తగ్గే వోల్టేజి

కెమెరా పగలంతా చక్కగా నడిచి, చీకటి పడగానే ఆగి ఆగి తిరిగి మొదలవుతుంటే చాలామంది కెమెరానే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు వైరుది. రాత్రి పూట కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. వాటితో కరెంటు వాడకం పెరుగుతుంది, దానితోపాటే వైరులో తరిగిపోయే వోల్టేజీ పెరుగుతుంది. కెమెరా దగ్గర మిగిలింది చాలక అది ఆగిపోతుంది. ఆగగానే దీపాలు ఆరి వోల్టేజి మళ్లీ లేస్తుంది, కెమెరా మళ్లీ మొదలవుతుంది. దొంగ వచ్చే వేళకే కన్ను మూసుకునే కెమెరా వల్ల ఇంటికి భద్రత లేదు.

దీని లెక్క కష్టం కాదు. కరెంటు వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ రెండూ కలిపి దూరాన్ని రెట్టింపు చేసి, మీటరుకు ఉన్న నిరోధంతోనూ, ఆంపియర్లతోనూ గుణిస్తే తరిగే వోల్టేజి వస్తుంది. 40 మీటర్ల దూరంలో రాత్రి 0.5 ఆంపియరు వాడే కెమెరాకు, మెత్తని రాగి తీగల ప్రామాణిక నిరోధాలతో వేసిన లెక్క ఇది.

| తీగ మందం, చదరపు మి.మీ. | కిలోమీటరుకు నిరోధం, ఓమ్‌లు | తరిగే వోల్టులు | కెమెరాకు చేరే వోల్టులు |
|---|---|---|---|
| 0.5 | 39.0 | 1.56 | 10.44 |
| 0.75 | 26.0 | 1.04 | 10.96 |
| 1.0 | 19.5 | 0.78 | 11.22 |
| 1.5 | 13.3 | 0.53 | 11.47 |

చాలా కెమెరాలు 12 వోల్టులకు పది శాతం అటూఇటూ తట్టుకుంటాయి. అంటే కింది హద్దు 10.8 వోల్టులు. పై పట్టికలో 0.5 మందం తీగ ఆ హద్దు దాటి పడిపోయింది. 0.75 తీగ అంచున నిలిచింది. ఒక చదరపు మిల్లీమీటరు తీగతో నిశ్చింతగా ఉండవచ్చు.

ఈ లెక్క అసలు రాగికే చెల్లుతుంది. బజారులో చౌకగా దొరికే కొన్ని కేబుళ్లలో అల్యూమినియం తీగకు పైన రాగి పూత మాత్రమే ఉంటుంది. దాని నిరోధం రాగి కన్నా సగానికి పైగా ఎక్కువ. అది తేలిగ్గా విరుగుతుంది, జాయింటు దగ్గర త్వరగా చెడుతుంది. తీగ చివరను చాకుతో గీరితే లోపలి తెలుపు బయటపడుతుంది.

వోల్టేజి పెంచితే నష్టం ఎందుకు తగ్గుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆరు వాట్ల కెమెరా 12 వోల్టుల దగ్గర 0.5 ఆంపియరు లాగితే, 24 వోల్టుల దగ్గర 0.25, 48 వోల్టుల దగ్గర 0.125 మాత్రమే లాగుతుంది. వైరులో వేడిగా పోయే శక్తి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 24 దగ్గర అది నాలుగో వంతుకు, 48 దగ్గర పదహారో వంతుకు పడిపోతుంది. పీఓఈ సన్నని నెట్‌వర్క్ తీగలతోనే 100 మీటర్లు వెళ్లగలగడానికి కారణం ఇదే. 802.3ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్చు 15.4 వాట్లు ఇస్తే, దారిలో పోయేది తీసివేసి కెమెరాకు 12.95 వాట్లు దక్కుతాయి. 2009 నాటి 802.3ఏటీ స్విచ్చు ఇచ్చే శక్తిని 30 వాట్లకు పెంచింది.

కొందరు ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి వోల్టేజిని 13కు పైగా పెంచి దూరపు కెమెరాను నడిపిస్తారు. అదే పెట్టె నుంచి దగ్గర్లో ఉన్న కెమెరాకు ఆ అదనమంతా నేరుగా చేరి దాని ఆయుష్షు తగ్గుతుంది. దూరపు కెమెరాకు లావు తీగ వేయడమో, దానికి దగ్గర్లో వేరే సరఫరా పెట్టడమో సరైన పద్ధతి.

ఫ్యూజు కాపాడేది వైరును

కెమెరాలన్నీ రాత్రి వాడే గరిష్ఠ ఆంపియర్లను కూడి, పైన కనీసం పావు వంతు కలిపి సరఫరాను ఎంచుకోవాలి. ఎనిమిది కెమెరాలు ఒక్కొక్కటి 0.6 ఆంపియరు వాడితే మొత్తం 4.8. దీనికి 5 ఆంపియర్ల పెట్టె పెడితే అది ఎప్పుడూ అంచున నడుస్తూ వేడెక్కుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో డాబా మీద మూసిన పెట్టె లోపలి వేడి బయటి వేడిని మించిపోతుంది. వేడి పెరిగేకొద్దీ సరఫరా ఇవ్వగల శక్తి తగ్గుతుంది.

పెద్ద సరఫరా పెడితే ఇంకో ప్రమాదం ఉంది. 12 వోల్టుల 20 ఆంపియర్ల పెట్టె 240 వాట్లు ఇవ్వగలదు. అంటే అది ఒక చిన్న హీటరుతో సమానం. దాని నుంచి 0.5 మందం తీగతో వెళ్లే ఒక కెమెరా వైరులో సరిగ్గా 8 మీటర్ల దగ్గర ఎలుక కొరికి రెండు తీగలూ కలిశాయనుకుందాం. ఆ వలయం నిరోధం 0.62 ఓమ్‌లు. కరెంటు సుమారు 19 ఆంపియర్లు. పెట్టె తన హద్దు 20 కనుక దాన్ని మామూలు వాడకంగానే భావిస్తుంది, ఆగదు. కొన్ని ఆంపియర్లు మాత్రమే మోయగల ఆ సన్నని తీగలో దాదాపు 230 వాట్లు వేడిగా మారతాయి. ఇన్సులేషన్ కరుగుతుంది, పక్కన తలుపు తెర గానీ అట్టపెట్టెలు గానీ ఉంటే అంటుకుంటాయి.

కాబట్టి ప్రతి కెమెరా దారికీ విడిగా ఒక ఆంపియరు ఫ్యూజు ఉండాలి. మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టెల్లో ఒక్కో చానలుకు ఇది అమర్చే ఉంటుంది. కొన్నింటిలో గాజు ఫ్యూజులు, కొన్నింటిలో వేడెక్కితే కరెంటును అడ్డుకుని చల్లబడితే మళ్లీ దారి ఇచ్చే పీటీసీ ఫ్యూజులు ఉంటాయి. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టడం ఆ ఇంటికి నిప్పు పెట్టడంతో సమానం. బ్యాకప్ కోసం వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ విషయంలో ఇది మరీ ముఖ్యం. షార్టయితే బ్యాటరీ క్షణంలో వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగలదు. దాని పాజిటివ్ కొనకు ఆనుకునే ఫ్యూజు ఉండాలి.

రెండు వందల ముప్పై వోల్టుల వైపు

ఎస్‌ఎంపీఎస్ పెట్టె మూత తీస్తే ఒకే వరుసలో స్క్రూలు కనిపిస్తాయి: ఫేజు, న్యూట్రల్, ఎర్తు, ఆ పక్కనే మైనస్, ప్లస్. ప్రాణం తీసే కొనకూ నిరపాయమైన కొనకూ మధ్య దూరం వేలెడు కూడా ఉండదు. లోపలి కెపాసిటరులో దాదాపు 325 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. స్విచ్చు ఆపిన తరువాత కూడా కాసేపు ఉండవచ్చు. ఈ వైపు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. మెయిన్ దగ్గర ఎంసీబీ ఆపి, ఎవరూ మళ్లీ వేయకుండా చీటీ తగిలించి, కరెంటు లేదని మీటరుతో చూశాకే చేయి పెట్టాలి. ఆ లైనుకు, కరెంటు నేలకు కారితే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ ఉండాలి.

కెమెరా ఇనుప ఒంటిని ముట్టుకుంటే చిమచిమలాడిందని చాలామంది చెబుతారు. ఎస్‌ఎంపీఎస్‌లో రేడియో అలజడిని అణచడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ల ద్వారా అతి కొద్ది కరెంటు బయటి వైపుకు కారుతుంది. ఎర్తు ఉంటే అది నేలలోకి పోతుంది; లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. సరిగ్గా ఉన్న పెట్టెలో ఆ కరెంటు ప్రమాదకరం కాకున్నా, నిచ్చెన మీద నిలబడినవాడు ఉలిక్కిపడి కింద పడవచ్చు. చిమచిమను పెట్టెకు ఎర్తు లేదన్న సూచనగా తీసుకుని వెంటనే సరిచేయించాలి. మన దేశంలో ఎర్తింగుకు ఐఎస్ 3043, భవనాల వైరింగుకు ఐఎస్ 732 ప్రమాణాలు ఉన్నాయి. అడాప్టర్ల మీద భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ గుర్తు చూసి కొనాలి. గుర్తు లేని చౌక అడాప్టర్లలో 230కీ 12కీ మధ్య ఇన్సులేషన్ ఎంత నమ్మకమైనదో చెప్పగలవారు లేరు.

కెమెరా తీగలను 230 వోల్టుల తీగలతో ఒకే పైపులో ఎన్నడూ వేయకూడదు. పైపులో ఎక్కడైనా ఒరుసుకుని ఇన్సులేషన్ పోతే ఇంటి కరెంటు కెమెరా ఒంటికి, అక్కడి నుంచి దాన్ని ముట్టుకున్న చేతికి చేరుతుంది. అనలాగ్ కెమెరాల దృశ్యంలో అడ్డగీతలు పైకీ కిందికీ పాకడానికి కూడా కరెంటు తీగల సామీప్యం, రెండు చోట్ల ఎర్తు కలవడం కారణాలవుతాయి.

వాన, ఉప్పుగాలి, పిడుగు

ఆరుబయట కెమెరాకు దుమ్ము, నీరు చొరబడకుండా ఐపీ66 లేదా ఐపీ67 రక్షణ ఉన్నా, దాని తోక చివరి పిన్నుకు ఆ రక్షణ ఉండదు. ఆ జాయింటును గోడ మీద వేలాడదీయకుండా మూత గట్టిగా బిగిసే జంక్షన్ బాక్సులో పెట్టాలి. కేబులు బాక్సులోకి కింది నుంచి రావాలి. రాకముందు కొంచెం కిందికి వంగి మళ్లీ పైకి లేవాలి. అప్పుడు తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గర రాలిపోతుంది. రెండు పోగులు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక ఎండాకాలానికి జిగురు కరిగి ఊడుతుంది. స్క్రూ కనెక్టరు గానీ, టంకం వేసి పైన ముడుచుకునే స్లీవు గానీ వాడాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. పెట్టెకు వదిలేసిన రంధ్రాల గుండా చీమలూ బల్లులూ చేరి షార్టు చేస్తాయి. ప్రతి రంధ్రానికీ గ్లాండు బిగించాలి.

పిడుగు నేరుగా పడకపోయినా దగ్గర్లో పడినప్పుడు పొడవైన తీగల్లో వేల వోల్టుల ఉరవడి పుడుతుంది. ఇనుప స్తంభానికి సొంత ఎర్తు, కెమెరా దగ్గరా రికార్డరు దగ్గరా సర్జ్ రక్షణ పరికరం ఉండాలి. ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లేటప్పుడు ఆప్టికల్ ఫైబరు వాడితే రెండింటి మధ్య విద్యుత్ బంధమే ఉండదు. పొలాల దగ్గర సౌర ఫలకంతో నడిపేవారు ఫలకాన్ని నేరుగా కెమెరాకు కలపకూడదు. 12 వోల్టుల ఫలకం ఎండలో 20 వోల్టులు దాటవచ్చు. మధ్యలో చార్జ్ కంట్రోలరు, బ్యాటరీ తప్పనిసరి.

పని క్రమం

ముందు కెమెరా చీటీ చదివి వోల్టేజి, ఏసీయా డీసీయా, గరిష్ఠ ఆంపియర్లు రాసుకోవాలి. దూరం కొలిచి తీగ మందం లెక్క వేయాలి. కరెంటు లేకుండానే తీగలన్నీ లాగి, ప్రతి కొనకూ పేరు చీటీ అంటించాలి. కెమెరా తగిలించకముందే సరఫరా వేసి, అవతలి కొన దగ్గర మీటరుతో వోల్టేజి, ప్లస్ మైనస్ సరిచూడాలి. తారుమారైతే రక్షణ డయోడు లేని కెమెరా ఒక్క క్షణంలో పోతుంది. సరఫరా ఆపి కెమెరా కలిపి మళ్లీ వేయాలి. ఒకేసారి అన్నీ కాకుండా ఒక్కొక్కటిగా కలిపితే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. చివరి పరీక్ష రాత్రి చేయాలి: ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతుండగా కెమెరా కొన దగ్గర వోల్టేజి కొలవాలి, గంట తరువాత పెట్టె మీదా జాయింట్ల మీదా వేడి చూడాలి.

చట్టం, సమాజం

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రత చర్యల అమలు చట్టం జనం గుమిగూడే సంస్థల్లో సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌లో ‘నేను సైతం’ పేరుతో పోలీసులు కాలనీలను, దుకాణదారులను కలుపుకుని వేల కెమెరాలు పెట్టించారు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ కెమెరాలు ఉండాలని ఆదేశించింది. కరెంటు లేని చోట సౌర, పవన విద్యుత్తుతోనైనా నడపాలని అందులోనే చెప్పింది. కెమెరా ఉండడం ఎంత ముఖ్యమో దానికి నిలకడగా కరెంటు అందడం అంతే ముఖ్యమని న్యాయస్థానం గుర్తించిందన్నమాట.

కెమెరా కొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే మనం, వైరు ఎంత మందమని, ఫ్యూజు ఎంతదని, ఎర్తు ఉందా అని కూడా అడగాలి. బిగించినవారు వెళ్లిపోకముందే, చీకటి పడ్డాక, చివరి కెమెరా దగ్గర ఒక్కసారి మీటరు పెట్టి చూపించమని కోరాలి. అక్కడ 11 వోల్టులకు తగ్గకుండా ఉంటే ఆ కెమెరా రాత్రంతా మేలుకొని ఉంటుంది.